మొదటి బ్యాచ్ ఎవరు కొనాలి?

కొత్త కారు విడుదలైన రోజు వాట్సాప్ గ్రూపుల్లో తప్పకుండా తిరిగే సలహా ఒకటుంది. "బండి అదిరింది. కానీ మొదటి బ్యాచ్ కొనకండి, ఆర్నెల్లు ఆగండి." జపాన్ కంపెనీ బండి వచ్చినా, కొరియా కంపెనీ బండి వచ్చినా ఈ మాట అక్కడక్కడా వినిపిస్తుంది. టాటాదో మహీంద్రాదో అయితే మాత్రం ధర ఎంతని అడగకముందే ఈ మాట వచ్చేస్తుంది.

పెరటి చెట్టు మందుకు పనికిరాదనుకునే మన పాత జబ్బే ఇదని కొట్టిపారేయొచ్చు. కొంత నిజమే. కానీ ఈ భయంలో సగం ఆ కంపెనీలు చేతులారా సంపాదించుకున్నదే. వాటి నష్టాల కథ, వాటి బళ్ల రిపేర్ల కథ రెండూ ఒకటే. డబ్బుకి కటకటగా ఉన్న కంపెనీ బండి పూర్తిగా పండకముందే మార్కెట్లోకి తోస్తుంది. ఆ పచ్చి బండి కొన్నవాడు ఊరంతా చెప్పుకుని తిడతాడు. ఆ తిట్లు సెకండ్ హ్యాండ్ ధరలో తేలతాయి. ఆ ధర చూసి తర్వాత కొనేవాడు పక్క షోరూంకి పోతాడు. కంపెనీకి కటకట ఇంకాస్త పెరుగుతుంది.

అంబాసిడర్ రోజుల్లో ఈ గొడవ లేదు. ఎంచుకోవడానికి ఏముంది గనక! 1950ల నాటి బ్రిటన్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ని తెచ్చి, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో పెద్దగా రూపం మార్చకుండా 2014 దాకా తయారు చేశారు. అది చెడిపోయేదా అంటే, శుభ్రంగా చెడిపోయేది. కాకపోతే ఏ ఊళ్లో ఆగినా స్పానర్ పట్టిన మెకానిక్ ఒకడు దొరికేవాడు, మళ్లీ కదిలేది. జనం దాన్నే గట్టి బండి అన్నారు. చెడిపోకుండా ఉండటం వేరు, చెడితే తేలిగ్గా బాగవడం వేరు. ఆ తేడా మనకి తెలిసింది మారుతి వచ్చాకే. 80ల మధ్యలో ఏటా 24 వేల దాకా అమ్ముడైన అంబాసిడర్, 2013-14లో రెండున్నర వేలు కూడా దాటలేదు. చివరికి 2017లో ఆ పేరును 80 కోట్లకు ఫ్రాన్స్ కంపెనీ ప్యూజోకి అమ్మేశారు.

1983 డిసెంబర్ 14న మారుతి 800 మొదటి తాళం ఇందిరా గాంధీ చేతుల మీదుగా అందింది. మారుతి మన కంపెనీయే అని ఇప్పటికీ అనుకుంటాం గానీ, 26 శాతం వాటాతో అడుగుపెట్టిన సుజుకీ 2002కల్లా సగానికి పైగా తన చేతిలోకి తెచ్చుకుంది. కాబట్టి దేశీ కంపెనీలంటే ఇవాళ ప్రధానంగా టాటా, మహీంద్రాలే.

మొదటి బ్యాచ్ భయం ఎక్కడ మొదలైందంటే నేను టాటా ఇండికా దగ్గరే అంటాను. మన కంపెనీయే తన సొంత కారుగా దగ్గరుండి రూపొందించుకున్నది అది. 1998 చివర్లో వచ్చింది. "మోర్ కార్ పర్ కార్" అన్న ప్రకటన చూసి లక్షకు పైగా మంది డబ్బు కట్టి మరీ బుక్ చేశారు. తీరా బండి ఇంటికొచ్చాక చప్పుడు, అదురు, ఒకదాని వెంట ఒకటి కంప్లైంట్లు. 2000-01లో కంపెనీ నష్టం 500 కోట్లు. అంతకుముందే, 1999లో, కార్ల వ్యాపారాన్ని వదిలించుకుందామని రతన్ టాటా బృందం డెట్రాయిట్‌లో ఫోర్డ్ గడప తొక్కింది. ఏమీ తెలియకుండా ఈ వ్యాపారంలోకి ఎందుకు దిగారని అక్కడ చిన్నచూపు చూశారని, ఆ బృందంలో ఉన్న ప్రవీణ్ కాడ్లే చాలా ఏళ్ల తర్వాత ఒక సభలో చెప్పారు. 2008లో అదే ఫోర్డ్ నుంచి జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ను 230 కోట్ల డాలర్లకు టాటాలు కొన్నారు. అందుకని దీన్ని పగ తీర్చుకున్న కథగా చెప్పుకుని మురిసిపోతుంటాం.

నాకు ఆ కథలో పగ కంటే ఇండికా వీ2 ముఖ్యం. 2001లో తప్పులు దిద్ది తెచ్చిన బండి అది. ఆ దిద్దుడు ఎంత బాగా పనిచేసిందంటే మన ఊళ్లలో ఇండికా అనేది కారు పేరు కాకుండా పోయింది. పెళ్లికో తిరుపతికో వెళ్లాలంటే "ఇండికా మాట్లాడండి" అనేవాళ్లు. మాట్లాడితే ఏ బండి వచ్చినా సరే. లక్షల కిలోమీటర్లు తిప్పిన డ్రైవర్లు ఆ బండిని తిట్టుకుంటూనే పిల్లల్ని చదివించుకున్నారు. అయితే అక్కడా కంపెనీకి కలిసిరాలేదు. టాక్సీ ముద్ర పడిన బండిని ఇంటి ముందు పెట్టుకోవడానికి సొంతానికి కొనేవాడు వెనకాడాడు. బాగు చేసిన బండి పేరు తెచ్చుకుంది. కానీ ఆ పేరు డబ్బులిచ్చే కస్టమర్ దగ్గర కాదు.

టాటాల నానో కథ దీనికంటే విషాదం. 2008 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో లక్ష రూపాయల కారుగా చూపించారు. సింగూర్ భూముల గొడవతో ఫ్యాక్టరీ బెంగాల్ వదిలి గుజరాత్‌లోని సణంద్‌కి మారింది, ఆలస్యమైంది. ఈలోగా అమ్మిన బళ్లలో కొన్ని రోడ్డు మీదే అంటుకున్నాయి. అలాంటివి గట్టిగా లెక్కపెడితే చేతివేళ్లకు సరిపోతాయి. కానీ కొత్త బండికి పూలదండ వేసి ఇంటికి తీసుకెళ్తుంటే వెనక నుంచి పొగ రావడం టీవీలో చూశాక లెక్కలు ఎవడిక్కావాలి? 2010 నవంబర్‌లో దేశం మొత్తం మీద అమ్ముడైన నానోలు 509. ఏడాదికి రెండున్నర లక్షల బళ్లు చేయగల ఫ్యాక్టరీ అది! అదే నెలలో కంపెనీ రీకాల్ అనే మాట వాడకుండా, ఉచితంగా అదనపు రక్షణ పరికరాలు బిగిస్తామని ప్రకటించింది. ఆ మొహమాటమే కొంప ముంచిందని నా అనుమానం. "తప్పు జరిగింది, బండి తీసుకురండి" అని నోరారా చెప్పి ఉంటే జనం కొంచెం నమ్మేవాళ్లేమో. 2018 జూన్‌లో తయారైన నానో ఒకే ఒక్కటి.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ మల్టీజెట్ డీజిల్ ఇంజిన్ ఒక దశలో మన దేశంలో సగం కార్లలో ఉండేదని సరదాగా అనుకునేవాళ్లం. మారుతి స్విఫ్ట్‌లో అదే, టాటా ఇండికా విస్టాలో అదే. మారుతికి మనేసర్‌లో తయారైతే, టాటాకి రంజన్‌గావ్‌లో. డిజైన్ మాత్రం ఒకటే. కానీ అయిదేళ్లు వాడి అమ్మబోతే స్విఫ్ట్ డీజిల్‌కి డీలర్లు ఎగబడేవాళ్లు, విస్టా అనగానే మొహం తిప్పుకునేవాళ్లు. గుండె ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? డోరు బిగింపు నుంచి, రబ్బరు నుంచి, వైరింగ్ నుంచి. అన్నిటికీ మించి సర్వీస్ సెంటర్ నుంచి. మారుతికి ఇవాళ దేశంలో 5 వేలకు పైగా సర్వీస్ కేంద్రాలున్నాయి. అసలు బలం ఆ సంఖ్య కాదు. మండల కేంద్రంలో కూడా పార్టు దొరకడం, దాని ధర ముందే తెలియడం. నమ్మకం అనేది కారులో బిగించి ఇచ్చే పార్టు కాదని ఆ ఒక్క ఇంజిన్ చాలు చెప్పడానికి.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మనవాళ్లు ఇంట తంటాలు పడుతూనే రచ్చకెక్కారు. 2018-19 మూడో త్రైమాసికంలో జాగ్వార్ ల్యాండ్ రోవర్ విలువ తగ్గించి రాసుకోవాల్సి వచ్చి టాటా మోటార్స్ దాదాపు 27 వేల కోట్ల నష్టం చూపింది. మన కార్పొరేట్ చరిత్రలో ఒక్క త్రైమాసికంలో అంత నష్టం అప్పటికి ఎవరికీ రాలేదు. మహీంద్రా కొరియా వెళ్లి శాంగ్‌యాంగ్ అనే కార్ల కంపెనీని కొంది. ఎంత పోసినా నిండలేదు, 2020 డిసెంబర్‌లో అది దివాళా పిటిషన్ వేసింది. స్కార్పియో ఇచ్చిన లాభాల్లో కొంత అలా సముద్రం దాటిపోయింది. వాటికి పెట్టిన డబ్బు బళ్ల పరీక్షల మీద, మెకానిక్‌ల శిక్షణ మీద పెడితే ఎలా ఉండేదో అనిపిస్తుంది. ఇలా అనుకోవడం తేలికే అనుకోండి.

ఆ తర్వాత పరిస్థితి తిరిగింది, అది ఒప్పుకోవాలి. 2018 డిసెంబర్‌లో టాటా నెక్సాన్, గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ బండిని గుద్ది చూసే భద్రతా పరీక్షలో అయిదు స్టార్లు తెచ్చుకుంది, మన దేశంలో తయారైన కార్లలో మొదటిసారిగా. 2019-20లో 5 శాతం దగ్గర ఉన్న టాటా మార్కెట్ వాటా నాలుగేళ్లలో 14 శాతం దాకా పాకింది. 2024లో దేశంలో ఎక్కువగా అమ్ముడైన కారు టాటా పంచ్. అంతకుముందు నలభయ్యేళ్లపాటు ఆ కుర్చీ మారుతిదే. 2022లో మహీంద్రా స్కార్పియో-ఎన్‌కి అరగంటలో లక్ష బుకింగ్‌లు పడ్డాయి. దేశం వదిలి వెళ్లిపోయిన ఫోర్డ్ సణంద్ ఫ్యాక్టరీని కూడా టాటాలే తీసుకున్నారు.

కానీ స్టార్ల గురించి మనం ఒక పొరపాటు చేస్తున్నాం. అయిదు స్టార్లంటే గుద్దుకుంటే బతికే అవకాశం ఎక్కువని. రోజూ పొద్దున సరిగ్గా స్టార్ట్ అవుతుందని కాదు. పాత అపనమ్మకాన్ని కంపెనీలు ఈ స్టార్ల వెనక దాచేస్తున్నాయి, మనమూ దాచనిస్తున్నాం. ఒకప్పుడు చప్పుడు చేసింది ఇంజిన్. ఇప్పుడు మొరాయించేది స్క్రీన్, సెన్సర్, సాఫ్ట్‌వేర్. వీటికి ఆటోనగర్ మెకానిక్ దగ్గర మందు లేదు.

నా సొంత అనుభవం ఒకటి చెప్తాను, కంపెనీ పేరు ఎందుకులెండి. కొన్న మూడో నెలలో ఎడమ డోరు వైపు టిక్ టిక్ మని చప్పుడు. నలభైలోపు స్పీడులో, ఏసీ వేసినప్పుడే. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లి, అడ్వైజర్ కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని రెండు రౌండ్లు కొట్టాను. బండి కిక్కురుమనలేదు. సాయంత్రం తాళంతోపాటు కాగితం ఇచ్చారు: "నో ప్రాబ్లం అబ్జర్వ్‌డ్." గేటు దాటి మలుపు తిరగ్గానే మళ్లీ టిక్ టిక్. మూడోసారి వెళ్తే ఆ కుర్రాడే గొంతు తగ్గించి అన్నాడు: "సార్, ఈ లాట్ బళ్లన్నిటికీ ఉంది సార్. కొత్త క్లిప్పు వచ్చింది, మీరు గట్టిగా అడగండి." గట్టిగా అడిగాను, వేశారు. చప్పుడు పోయింది. ఆ క్లిప్పు ఖరీదు వంద రూపాయలు కూడా ఉండదు. లోపం ఉందని కంపెనీకి తెలుసు, పార్టు మార్చేసింది కూడా. నాకు చెప్పాలని మాత్రం ఎవరికీ అనిపించలేదు.

చట్టం ఏం చేస్తుందని అడగొచ్చు. 2012 నుంచి కార్ల కంపెనీల సంఘానికి స్వచ్ఛంద రీకాల్ నియమావళి ఉంది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంతో కేంద్రానికే రీకాల్ ఆదేశించే అధికారం వచ్చింది. 2021 ఏప్రిల్ నుంచి 10 లక్షల నుంచి కోటి దాకా జరిమానా కూడా పెట్టారు. వేల కోట్ల కంపెనీకి కోటి రూపాయల జరిమానా! పైగా రీకాల్ అనేది జనానికో పర్యావరణానికో హాని చేసే లోపాలకే. పదే పదే సర్వీస్ సెంటర్ గుమ్మం ఎక్కించే బండికి అమెరికాలో లెమన్ చట్టాలున్నాయి, బాగు చేయలేకపోతే డబ్బు వెనక్కివ్వాలి, లేదా బండి మార్చివ్వాలి. మనకి వినియోగదారుల కమిషన్ ఒక్కటే దిక్కు. అక్కడికి ఎక్కి దిగే ఓపిక ఉన్నవాడికి ఈఎంఐలు అయిపోతాయి, తీర్పు రాదు.

ఇప్పుడు ఎలక్ట్రిక్ బళ్ల వంతు. హారియర్ ఈవీ బ్యాటరీకి 15 ఏళ్ల వారంటీ అంటోంది టాటా, మహీంద్రా కూడా తన కొత్త ఈవీల బ్యాటరీలకి జీవితకాలం అంటోంది. ధైర్యంగా అన్న మాటే, కాదనను. కానీ ఆ మాట నిలబడుతుందో లేదో తేల్చాల్సింది 2030ల చివర్లో ఏదో ఒక సర్వీస్ కౌంటర్ దగ్గర కూర్చున్న కుర్రాడు. వాడి చేతికి ఏ కాగితం ఇచ్చి రాయమంటారన్నదే నా భయం.

మొన్న మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, ఆ కొత్త ఎలక్ట్రిక్ బండి తీసుకోమంటావా?" మన కంపెనీదే. తీసుకో, కానీ ఆర్నెల్లు ఆగు అన్నాను. "అందరూ ఆగితే మొదటి ఆర్నెల్లూ ఎవరు కొంటారు బావా?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. మర్నాడే బుక్ చేశాడు.