మా సైడు క్లియర్ సార్

కర్నూలులో రాజ్‌విహార్ దగ్గర ఒక ఆఫీసు ఉంది. దాని కొత్త బిల్డింగు నంద్యాల చెక్‌పోస్టు వైపు కట్టారు. రెండింటి కంప్యూటర్లనూ కలపడానికి మధ్యలో ఫైబర్ లాగారు, అంటే వెలుతురుతో డేటా మోసే గాజు పోగు. టెండర్లు రెండు, తక్కువ కోట్ చేసినవాళ్ళు ఇద్దరు. అందుకని ఆ డేటాను కంప్యూటర్లకు పంచే స్విచ్ పెట్టెలు ఈ చివర ఒక బ్రాండువి, ఆ చివర ఇంకో బ్రాండువి వచ్చాయి. లింకు మాత్రం రాలేదు.

ఇలాంటప్పుడు జనం కంపెనీలను తిట్టుకుంటారు. అది చాలా అన్యాయమని నా అభిప్రాయం. వేరే బ్రాండు వెలుతురును లోపలికి రానివ్వకపోవడం వెనుక ఉన్న కుటుంబ గౌరవాన్ని మనం అర్థం చేసుకోవాలి.

స్విచ్‌లో ఫైబర్ గుచ్చే పోర్టులో ఎస్‌ఎఫ్‌పీ అని వేలెడంత మాడ్యూలు పెడతారు. అందులో ఒక లేజరు, ఒక రిసీవరు, ఒక చిన్న మెమరీ చిప్ ఉంటాయి. ఆ చిప్‌లో తయారీదారు పేరు, పార్టు నంబరు, సీరియల్ నంబరు రాసి ఉంటాయి. మాడ్యూలు పెట్టగానే చాలా స్విచ్‌లు ముందు చూసేది అది ఎంత వెలుతురు ఇస్తుందో కాదు. మన పల్లెల్లో రచ్చకట్ట మీద పెద్దాయన కొత్త మనిషిని అడిగినట్టే, "ఎవురి తాలూకు నాయనా?" అని అడుగుతాయి. జవాబు నచ్చకపోతే పోర్టు మూసేస్తాయి. ఇందులో తప్పేముంది? పెద్దాయన కూడా వచ్చినవాడికి ఏం పని వచ్చో అడగలేదు కదా!

చాలా బ్రాండ్ల మాడ్యూళ్ళను అసలు తయారుచేసేది వేరేవాళ్ళు. పైన స్టిక్కరు, లోపల చిప్‌లో పేరు మారతాయి, వాటితోపాటు ధర మారుతుంది. బయటి మాడ్యూలును ఒప్పుకోమని చెప్పడానికి సిస్కో స్విచ్‌ల్లో ఒక ఆజ్ఞ కూడా ఉంది. కొట్టగానే, బయటి మాడ్యూలు వల్ల ఏదైనా పాడైతే వారంటీ సాయం ఆపేసే హక్కు మాకుంది అని హెచ్చరిక వస్తుంది. ఇంటికి వచ్చినవాడిని వద్దనకుండా, కూర్చోమనీ అనకుండా నిలబెట్టే ఈ మర్యాద మన దగ్గర కొందరు బంధువులకు మాత్రమే తెలుసు.

అసలు ఈ మాడ్యూలు ఏ బ్రాండుదైనా ఏ స్విచ్‌లోనైనా పట్టాలని తయారీదారులు కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నారు. సైజు, పిన్నులు, చిప్‌లో ఏ గడిలో ఏం రాయాలి, అన్నీ అందులో ఉన్నాయి. గిగాబిట్ ఫైబర్ ప్రమాణమైతే 1998 నుంచే ఉంది. మరి అన్నీ రాసుకున్నాక గొడవేమిటని కోస్తావాళ్ళు అడగొచ్చు. 1937లో కోస్తా నాయకులతో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్న సీమవాళ్ళం మాత్రం అడగం. రాసుకోవడం వేరు, జరగడం వేరు అని మాకు ఎప్పుడో అర్థమైంది.

సరే, కర్నూలు సంగతికి వద్దాం. రాజ్‌విహార్ వైపు స్విచ్‌లో పచ్చ లైటు వెలుగుతోంది. ఆ ఇంజనీరు దాన్ని ఫోటో తీసి గ్రూపులో పెట్టి "మా సైడు క్లియర్ సార్" అన్నాడు. నంద్యాల రోడ్డు వైపు లైటు లేదు. ఆ ఇంజనీరు మాడ్యూలు రీడింగ్ తీశాడు. లోపలికొచ్చే వెలుతురు మైనస్ 8 డీబీఎమ్. డీబీఎమ్ అంటే వెలుతురు బలానికి కొలత, మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ వెలుతురు తక్కువ. పది కిలోమీటర్ల దాకా పనిచేసే ఎల్ఎక్స్ రకం మాడ్యూలుకు మైనస్ 19 దాకా వచ్చినా సరిపోతుంది. "లైట్ బ్రహ్మాండంగా వస్తోంది, మా సైడూ క్లియర్" అని అతనూ ఫోటో పెట్టాడు. ఇద్దరి దగ్గరా సాక్ష్యం ఉంది. ఇద్దరూ నిజమే చెప్పారు. ఇంత నిజాయితీ ఉన్న చోట లింకు ఎలా పనిచేస్తుంది?

తరువాత రెండు కంపెనీల సపోర్టువాళ్ళూ లాగ్స్, అంటే స్విచ్ రాసుకునే చిట్టా, అడిగారు. ఒకరు స్విచ్ లోపలి సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్‌ను అప్‌గ్రేడ్ చేయమన్నారు. ఇంకొకరు చేసిన అప్‌గ్రేడ్ వెనక్కి తీయమన్నారు. ఇద్దరినీ ఒకే కాల్‌లో కలపాలని ఆఫీసు మేనేజరు చూశాడు. ఒకరొచ్చే టైముకు ఇంకొకరి షిఫ్టు అయిపోయేది. ఈలోగా వాటర్ పైపు కోసం తవ్వుతున్న జేసీబీ వచ్చి కేబుల్ తెంపింది. రెండు వైపులవాళ్ళూ ఊపిరి పీల్చుకున్నారు. పాపం, స్ప్లైసింగ్ కుర్రాళ్ళు సాయంత్రానికల్లా అతికించేసి వాళ్ళ ఆనందం చెడగొట్టారు.

ఇలాంటి ఆఫీసుల కొనుగోలు విభాగాలను కూడా ఇక్కడ మెచ్చుకోవాలి. కూతవేటు దూరానికి ఎనభై కిలోమీటర్ల మాడ్యూళ్ళు కొనే దూరదృష్టి వాళ్ళది. దగ్గర్లో అంత బలమైన లేజరు కొడితే అవతలి రిసీవరు తట్టుకోలేదు. మధ్యలో అటెన్యుయేటర్ పెట్టి వెలుతురు తగ్గించాలి. అంటే ఎక్కువ డబ్బిచ్చి ఎక్కువ వెలుతురు కొని, ఇంకాస్త డబ్బిచ్చి తగ్గించుకోవడం. ఒకే పోగు మీద రెండు వైపులా నడిచే బైడీ మాడ్యూళ్ళను జతగా కొనాలి. ఒకటి 1310 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న వెలుతురులో పంపితే రెండోది 1310లో వినాలి. "స్టాకు ఒకే రకంగా ఉండాలి" అని రెండు చివర్లకూ ఒకటే పార్టు నంబరు తెప్పిస్తారు. రెండూ ఒకే భాషలో మాట్లాడతాయి, ఏదీ వినదు. టీవీ చర్చలు చూసేవాళ్ళకు వివరించక్కర్లేదు. ఫైబర్ చివర బిగించే ఆకుపచ్చ కనెక్టరు మొన ఎనిమిది డిగ్రీలు ఏటవాలుగా ఉంటుంది, నీలం దానికి ఉండదు. రెండూ ఒకదాంట్లో ఒకటి దూరుతాయి కాబట్టి దూర్చేస్తారు. ఇంకా లైటు రాకపోతే లోపలికి కన్ను పెట్టి చూసే వీరులున్నారు. ఆ లేజరు కంటికి కనబడదు, కన్ను మాత్రం దానికి కనబడుతుంది. దయచేసి ఆ పని చేయకండి. ఇది వ్యంగ్యం కాదు.

చివరికి స్ప్లైసింగ్‌కు వచ్చిన కల్లూరు కుర్రాడు రెండు స్క్రీన్ల ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. "సార్, ఈడ ఆటో నెగోషియేషన్ తీసేసినారు, ఆడ పెట్టినారు. రెండు దిక్కులా ఒకటే పెట్టండి" అన్నాడు. ఆటో నెగోషియేషన్ అంటే లింకుకు ముందు రెండు స్విచ్‌లూ పలకరించుకుని ఒక మాట మీదికి రావడం. ఆటో తీసేసిన స్విచ్ వెలుతురు కనబడితే చాలు, లింకు వచ్చిందనుకుంటుంది. ఆటో ఉన్న స్విచ్ అవతలి నుంచి పలకరింపు కోసం చూస్తూ కూర్చుంటుంది. అందుకే ఒక వైపు దీపావళి, ఇంకో వైపు అమావాస్య. సెట్టింగు మార్చారు, లింకు వచ్చింది.

మరునాడు రెండు కంపెనీలూ ఫిర్యాదు టికెట్లు మూసేశాయి. రెండింట్లోనూ ఒకే వాక్యం ఉంది: "మూలకారణం: అవతలి వైపు పరికరం. మా సూచన మేరకు సరిచేయబడింది." కింద ఐదు నక్షత్రాల్లో ఎన్ని ఇస్తారని అడిగారు. మేనేజరు ఇద్దరికీ ఐదేసి ఇచ్చాడు, నాలుగిస్తే మళ్ళీ ఫోన్ చేస్తారట.