కోనసీమకు రెండు కొండలు కావలెను

మా కోనసీమలో కొండలు లేవన్న సంగతి ఇన్నాళ్ళూ మాకు లోటుగా తోచలేదు. గోదారి పాయలు గౌతమికీ వసిష్ఠకీ మధ్య చాప పరిచినట్టు ఉండే నేల మాది. కొండ చూడాలని ముచ్చటేస్తే అన్నవరం మెట్లెక్కుతాం, కాదంటే పాపికొండలకి లాంచీ ఎక్కుతాం. మొన్న మా మేనకోడలి డ్రాయింగ్ పేపరు చూశాకే లోటు ఎంత పెద్దదో అర్థమైంది. ‘మీ ఊరి ప్రకృతి దృశ్యాన్ని గీసి రంగులు వేయుము’ అన్న ప్రశ్న కింద, పిల్ల వేసిన బొమ్మ మీద, ఎర్రసిరాతో ‘కొండలు ఏవి?’ అని రాసి మూడు మార్కులు కోశారు.

సరైన జవాబు మీకు తెలియనిదా? రెండు త్రికోణాలు, నడుమ సగం సూర్యుడు, చుట్టూ సైకిల్ పుల్లల్లా కిరణాలు. కొండల మధ్య పుట్టి తిన్నగా ఇంటి గుమ్మం దాకా వచ్చే నది. ఒక పూరిల్లు, ఒక కొబ్బరిచెట్టు, ఆకాశంలో పడుకోబెట్టిన మూడంకెల్లాంటి నాలుగు పక్షులు. పదికి పది. దుబాయ్ డబ్బుతో కట్టిన డాబాలో, ఏసీ కింద కూర్చుని, ఆ పూరిల్లు గీస్తారు మా పిల్లలు. సరే, అది వేరే సంగతి.

కాబట్టి తప్పు బొమ్మది కాదు, భూమిది. సరిచేయాల్సింది భూమినే. ప్రభుత్వానికి నా మనవి ఏమిటంటే, అమలాపురానికి తూర్పున రెండు కొండలు పోయించండి. టెండర్లు పిలవండి. గ్రావెల్ టిప్పర్లు రావులపాలెం మీదుగా రాత్రింబవళ్ళు తిరగనివ్వండి. రోడ్లు ఎలాగూ గుంతలే, కొత్తగా పాడయ్యేదేం లేదు. కొబ్బరితోటలు పోతాయి. చెట్టుకింతని లెక్కకట్టి ఇచ్చేయండి. ఒక్క చెట్టు మాత్రం కొట్టకండి, బొమ్మకి కావాలి.

చిక్కల్లా సూర్యుడితోనే. ఆయన రోజూ ఒకేచోట పొడవడు. డిసెంబరు 22 దాటాక రోజుకి కాస్త చొప్పున ఉత్తరానికి జరుగుతూ జూన్ 21కి ఆ కొసకి చేరతాడు, మళ్ళీ వెనక్కి బయల్దేరతాడు. కొండలు కదలకుండా కూర్చుంటే వాటి నడిమధ్యన ఆయన దొరికేది ఏడాదికి రెండుసార్లే. మిగతా రోజుల్లో బొమ్మ వేసే పిల్లల మార్కుల సంగతేం కాను? అందుచేత కొండల కింద పట్టాలు వేయాలి. మాకు రైలు ఎలాగూ రాలేదు, దశాబ్దాలుగా కోటిపల్లి దగ్గరే ఆగిపోయింది. పట్టాల మీద కొండలైనా వస్తే అదే పదివేలు. కొండకో డ్రైవరు, పచ్చజెండా ఊపడానికి ఇద్దరు, డ్యూటీ తెల్లారుజామున నాలుగింటికి. ముసురు పట్టిన రోజు సెలవు.

పరీక్షలో మొదటి ప్రశ్న ఇంకా ఘనమైనది. దృశ్యకళ మూలాంశాలు ఏడింటిని పేర్కొనుము. గీత, ఆకారం, ఘనరూపం, రంగు, వెలుగునీడలు, అంతరం, స్పర్శ. మా పిల్ల గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. క్లాసులో అందరికీ వచ్చట. ఎక్కాల్లా రాగం కూడా ఉంది. డ్రాయింగ్ పీరియడ్ మాత్రం లెక్కల సారు ఎప్పుడో పట్టుకుపోయారు. పెన్సిల్ ముట్టకుండా మూలాంశాలు నేర్పడం మామూలు విద్య కాదు, గట్టు మీద బోర్లా పడుకోబెట్టి ఈత నేర్పినట్టు.

‘అంతరం అనగా వస్తువుల చుట్టూ, మధ్య, లోపల ఉండు ఖాళీ’ అని పిల్ల బట్టీ పడుతున్న అరుగు మీదే వాళ్ళ నాయనమ్మ కూర్చుని లేసు అల్లుతోంది. నరసాపురం ఆడపడుచు, కళ్ళద్దాలు ముక్కు చివరికి జారి ఉంటాయి. సూది కొక్కేనికి దారం తగిలించి ఒక్కో గొలుసు లాగుతూ, ఓ చోట చిక్కగా అల్లి, ఓ చోట కన్నం వదిలేస్తుంది. దారం ఎక్కడ ఉండకూడదన్నదే ఆవిడ లెక్కంతా. అంచున పువ్వు కనబడేది ఆ కన్నాల పుణ్యమే. ముక్క వెలుతురుకి ఎత్తిపట్టి, ‘ఇదేనే అమ్మలూ అంతరం’ అన్నాను.

‘ఇది సిలబస్‌లో లేదు మావయ్యా’ అంది.

స్కూలుకెళ్ళాను. ‘మా ఊళ్ళో కొండల్లేవండి మేడమ్.’ ‘ప్రకృతి దృశ్యం అంటే కొండలుండాలండి, ఆన్సర్ కీలో అలాగే ఉందండి.’ ‘ఆ కీ ఎక్కడిదండి?’ ‘హైదరాబాద్ నుంచి వచ్చిందండి.’ అక్కడున్నాయి లెండి కొండలు. ఆవిణ్ణి అనుకుని ఏం లాభం, ఆవిడ సోషల్ టీచరు. డ్రాయింగ్ మాస్టారి పోస్టే లేదు.

మరో రెండు మార్కులు పోయింది నీళ్ళ దగ్గర. ‘నీరు నీలిరంగులో ఉండును’ అని రాశారు. మా పిల్ల గోదారికి మట్టిరంగు వేసింది. డబ్బాలో ఆ రంగు లేకపోతే, కొబ్బరిచిప్పలో నారింజలో చుక్క నీలం కలిపి, ఎక్కువైతే మళ్ళీ నారింజ పోసి, ఎర్రనీటి రంగు తనే పట్టింది. దగ్గరి చెట్టుకి ఈనెలు విడివిడిగా గీసి, అవతలి గట్టు చెట్లని పల్చటి బూడిదనీలంతో అలికి వదిలేసింది. కాగితంలో ముప్పావు వంతు ఆకాశమే. చదునునేల మీద నిలబడితే కనిపించేది అదే కదా.

మాఘంలో తేటబడ్డాక గోదారి నీలంగానే ఉంటుంది, కాదనను. కానీ ఇది ఆగస్టు! రేవులో చెంబు ముంచితే అడుగున వేలెడు మడ్డి. ఆ ఒండ్రు వేల ఏళ్ళు మేట వేస్తేనే ఈ డెల్టా పుట్టింది. ఈ పాఠం చెప్పింది కూడా ఆ సోషల్ మేడమే! కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర 1852కల్లా ఆనకట్ట కట్టించి కాలవల్లోకి మళ్ళించింది ఆ నీళ్ళే. మనం తిన్న అన్నం ఆ రంగులోంచి వచ్చింది. పదేళ్ళ పిల్ల గట్టు మీద గంటసేపు కూర్చుని కళ్ళారా చూసి వేస్తే, చూసినందుకు మార్కులు కోస్తారా? చూడనివాళ్ళందరికీ పదికి పదా? సిగ్గుండాలి. ఆ కీ తయారుచేసిన మహానుభావుడెవరో ఒక్కసారి వరదల్లో మా రేవుకొచ్చి నిలబడమనండి, నీలం ఎక్కడుందో చూపించమనండి.

రాజమండ్రిలో దామెర్ల రామారావు అనే కుర్రాడి బొమ్మలు కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే కంటబడ్డాయి. కొండలేవని ఆయన అడిగినట్టు లేదు. ప్రోత్సహించాడు, కుర్రాడు బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలుకి వెళ్ళి చదివాడు. 1925లో, 28 ఏళ్ళు నిండకుండానే పోయాడు. బొమ్మలు ఆ ఊరి గ్యాలరీలోనే ఉన్నాయి. మా పిల్లల్ని ఆ ఊరికే పిక్నిక్ తీసుకెళ్ళారు. పుష్కరాల రేవు చూపించి, రోజ్ మిల్క్ తాగించి తెచ్చారు. రోజ్ మిల్క్ చాలా బాగుందట.

సోమవారంలోగా బొమ్మ మళ్ళీ వేసి తెమ్మన్నారు. టెండర్లు కాస్త తొందరగా పిలిస్తే బాగుండును. మా పిల్ల చూడందే గీయదు.