డేకేరా, ఇల్లా? ఏడాదిన్నర పాప మీద వదినా మరుదుల వాదన

సంగతి ఇదీ. కొండాపూర్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాటు, పాపకి ఏడాదిన్నర. తల్లిదండ్రులిద్దరూ సాఫ్ట్‌వేర్. ఇద్దరికీ వారానికి రెండేసి రోజులు గచ్చిబౌలిలో ఆఫీసు, మిగతా మూడు రోజులు ఇంటి నుంచే పని. వచ్చే నెల నుంచి పాపని డేకేర్‌లో వేయాలా, ఆయాని పెట్టుకుని ఇంట్లోనే చూసుకోవాలా అన్నది తేలాలి. పాప తండ్రి ఇంటి పక్షం. వాళ్ళ వదినదీ అదే రంగం, టెస్టింగ్ టీము. ఆవిడది డేకేర్ పక్షం.

మరిది: ఆఫీసు నాకు మంగళ, గురువారాలు. తనకి సోమ, బుధవారాలు. అంటే రోజూ ఇద్దర్లో ఒకళ్ళం ఇంట్లో ఉంటాం. ఇంక పసిపిల్లని తీసుకెళ్ళి పదిమందిలో పడెయ్యడం ఎందుకు వదినా?

వదిన: ఇంట్లో ఉండటం వేరు, పిల్ల దగ్గర ఉండటం వేరు నాయనా. లెక్క వేద్దాం రా. ఈ వయసు పిల్లలకి పగటి నిద్రతో కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మీ పాప 13 గంటలు పడుకుంటుందనే అనుకో. మేలుకున్న 11 గంటలూ ఎవరో ఒకళ్ళ కళ్ళు దాని మీద ఉండాలి. మీ ఇద్దరి ఉద్యోగాలు 16 గంటలు. కలిపితే 27. మీరిద్దరూ ఎనిమిదేసి గంటలు పడుకుంటే చేతిలో ఉండేది 32. మిగిలిన అయిదు గంటల్లో ఇద్దరి స్నానాలు, తిండి, వంట, గిన్నెలు, ఆఫీసుకి రానూపోనూ. సర్ది చూపించు.

మరిది: అందుకేగా ఆయా! ఉదయం తొమ్మిది నుంచి ఆరు దాకా ఆవిడ చూసుకుంటుంది. మేం పక్క గదిలోనే ఉంటాం, ఒక కన్నేసి ఉంచుతాం.

వదిన: ఆ ఒక కన్ను దగ్గరే గొడవ. ఏడాదిన్నర పిల్లకి తలుపు అవతల నాన్న ఉన్నాడని తెలుసు. ఆయా ఎంత బుజ్జగించినా తలుపు దగ్గరే కూర్చుని కొడుతుంది. తియ్యకపోతే ఏడుపు, తీస్తే ఒళ్ళోకెక్కి కీబోర్డు. జూమ్‌లో స్పేస్‌బార్ నొక్కి పట్టుకున్నంతసేపూ మ్యూట్ పోతుంది, తెలుసుగా? పిల్ల అరచెయ్యి పడేది సరిగ్గా ఆ పెద్ద మీట మీదే.

మరిది: అది సెట్టింగ్స్‌లో తీసెయ్యొచ్చు. ఆడియోలోకి వెళ్ళి స్పేస్‌బార్ ఆప్షన్‌కి టిక్ తీసేస్తే అయిపోయింది. కుర్చీలోంచి లేచే ముందు విండోస్‌లో విండోస్ మీటా ఎల్, మ్యాక్‌లో కంట్రోల్, కమాండ్, క్యూ. స్క్రీన్ లాక్.

వదిన: పవర్ బటన్ సంగతి?

మరిది: దానికీ ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్ళి, పవర్ బటన్ నొక్కితే ‘డూ నథింగ్’ అని పెట్టాలి. బ్యాటరీకి ఒకటి, ఛార్జింగ్‌కి ఒకటి, రెండు గళ్ళుంటాయి. చాలామంది ఒకటి మార్చి రెండోది మర్చిపోతారు.

వదిన: రెండూ మార్చినా ఆగదు. నొక్కి నాలుగైదు సెకన్లు అలాగే పట్టుకుంటే విండోస్‌ని అడక్కుండానే మెషీన్ ఆరిపోతుంది. అది హార్డ్‌వేర్ పని, నీ సెట్టింగ్ దాకా రాదు. పిల్లలేమో వెలిగే బటన్ దొరికితే వదలరు. సేవ్ చెయ్యని ఫైలు గోవింద. గంటకోసారి సగం పనైనా సరే సొంత బ్రాంచిలోకి కమిట్ చేసి పుష్ చెయ్యి, అంటే రాసిన కోడ్ కాపీ సర్వర్‌లో దాచు. కోడ్ పోతే మళ్ళీ రాసుకుంటావులే. రిమోట్లో, కిచెన్ తూకంలో ఉండే బిళ్ళ బ్యాటరీల సంగతి చూడు. లిథియం బిళ్ళ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే ఆహారనాళం కాలిపోతుంది. మింగిందని అనుమానమొచ్చినా వాంతి చేయించకుండా నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాలి. స్క్రూ లేని రిమోట్ మూతకి ఇవాళే టేపు వెయ్యి. ఒక కన్నుతో చూసే ఇంట్లో జరిగేవి ఇలాంటివే. పనీ సాగదు, పిల్లా సాగదు, రెంటికీ చెడ్డ రేవడి.

మరిది: సరే, ఆయా ఒక్కతే చాలదంటే అమ్మని రమ్మంటాను.

వదిన: అత్తయ్య మోకాళ్ళు గుర్తున్నాయా? పదీ పదకొండు కేజీల పిల్లని రోజుకి ఇరవైసార్లు ఎత్తి దించాలి. ఆవిడ వస్తే కథలు చెప్పడానికి, పప్పన్నం కలిపి పెట్టడానికి రావాలి. షిఫ్టు డ్యూటీకి కాదు.

మరిది: ఇప్పుడు నా వంతు. డేకేర్‌లో వేసిన మొదటి ఏడాది ముక్కు కారని వారం ఉంటుందా? ఇంట్లో పెరిగే పిల్లలకే ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు మామూలు, అక్కడ ఇంకా ఎక్కువ. జ్వరం వస్తే మందు లేకుండా 24 గంటలు తగ్గి ఉంటే తప్ప చాలాచోట్ల రానివ్వరు. అంటే ఫీజు కట్టి, ఇంట్లోనే కూర్చుని, మీటింగులు మానుకోవాలి. నా ప్లాను ఎప్పుడో ఒకసారి కూలుతుందేమో. మీది నెలకోసారి ఖాయంగా కూలుతుంది.

వదిన: అది నిజమే, కాదనను. దాన్ని ఇంకా చెడగొట్టుకునేది మన తెలివితేటలే. పొద్దున్న ఏడింటికి నూటొకటి ఉంటే పారాసిటమాల్ వేసి పంపేస్తారు. ఆ మందు పనిచేసేది నాలుగు నుంచి ఆరు గంటలు. పదకొండు దాటేసరికి ఒళ్ళు మళ్ళీ కాలుతుంది, సరిగ్గా మీటింగు మధ్యలో ఫోనొస్తుంది. మోసపోయేది టీచర్లు కాదు, పక్క పిల్లలు. ఇంక ఆ చేతులూ కాళ్ళూ నోరూ పొక్కే జబ్బు ఉంది చూడూ...

మరిది: అదే చెప్పబోతున్నా. ఒకరికొస్తే గదంతా!

వదిన: వస్తుంది. ఆ వైరస్‌కి పైన కొవ్వు పొర ఉండదు, అందుకని శానిటైజర్ దాని మీద సరిగ్గా పనిచెయ్యదు. డైపర్ మార్చాక సబ్బూ నీళ్ళతో చేతులు కడగాల్సిందే. అందుకే డేకేర్ చూడ్డానికి వెళ్ళినప్పుడు గోడల మీద బొమ్మలు చూడకు. డైపర్ మార్చే బల్లకి అందేంత దూరంలో కుళాయి ఉందో లేదో చూడు. పాప నోట్లో పొక్కులొచ్చి అన్నం ముట్టకపోతే కంగారు పడొద్దు, చల్లటి మజ్జిగ చెంచాలతో పట్టించు. ఆరు గంటలు దాటినా డైపర్ తడవకపోతే మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

మరిది: మరి మనుషులు సరిపడా ఉంటారా అక్కడ?

వదిన: కేంద్రం 2018లో క్రెష్‌లకి, అంటే డేకేర్ లాంటి వాటికే, ఇచ్చిన కనీస ప్రమాణాల్లో, మూడేళ్లలోపు పదిమంది పిల్లలకి శిక్షణ ఉన్న మనిషి ఒకరు, తోడుగా ఒక హెల్పర్ ఉండాలన్నారు. నన్నడిగితే పదిమందీ ఎక్కువే. వాళ్ళు చెప్పిన అంకె నమ్మకుండా మధ్యాహ్నం ఒంటిగంటకి వెళ్ళి చూడు. సగంమంది పిల్లలకి అన్నం, సగంమందికి నిద్ర, ఆయాల భోజనాలు, అన్నీ ఒకేసారి. మనుషులు చాలట్లేదంటే అప్పుడే బయటపడుతుంది. ద్రాక్షపళ్ళు నిలువుగా చీల్చి పెడుతున్నారో, గుండ్రంగా అలాగే పెడుతున్నారో కూడా చూసుకో. గుండ్రటి పండు గొంతుకి బిరడాలా పడుతుంది.

మరిది: సరే, పగలు గడిచింది. డేకేర్ ఆరున్నరకి మూసేస్తారు, మా అసలు మీటింగులు మొదలయ్యేదే రాత్రి. కాలిఫోర్నియా వాళ్ళు పొద్దున్న ఎనిమిదికి పెడితే మనకి రాత్రి ఎనిమిదిన్నర. పాప నిద్రపోయే వేళ అదే.

వదిన: అది ఎండాకాలం లెక్క. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారం వెనక్కి తిప్పుతారు, అదే మీటింగు మనకి తొమ్మిదిన్నరకి జరుగుతుంది. మార్చి రెండో ఆదివారం మళ్ళీ ఎనిమిదిన్నర. పిల్ల పడక వేళకి గడియారం మార్పు తెలీదు. నన్నడిగితే నవంబరు నుంచి మార్చి దాకా మీకు పండగే, ఎనిమిదిన్నరకి పడుకోబెట్టి తీరిగ్గా కూర్చోవచ్చు. చిక్కంతా మిగతా దాదాపు ఎనిమిది నెలలదీ. అప్పుడు అరగంట ఆలస్యంగా, మనకి తొమ్మిదికి పెట్టమని అడగాలి. అడిగావా?

మరిది: అడగలేదు.

వదిన: చెల్లాయి, అదే మీ ఆవిడ, అడిగిందా?

మరిది: తను ఆ మీటింగే మానేసింది. రికార్డింగ్ చూసుకుంటోంది.

వదిన: చూశావా, నీ ఇంటి ప్లాను నడిచేది ఎవరి క్యాలెండర్ మీదో! పైకి ఇద్దరమూ ఇంట్లో ఉంటాం అనడమే. ఆయా రాని రోజు మీటింగు మానేది ఒక్కళ్ళే.

మరిది: డేకేర్ అయితే మాత్రం మారుతుందా? చట్టమే చూడండి. 50 మంది, అంతకు మించి ఉన్న సంస్థ క్రెష్ వసతి కల్పించాలనీ, రోజుకి నాలుగుసార్లు వెళ్ళి చూసుకోనివ్వాలనీ ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణలో పెట్టారు. వెళ్ళి చూసుకునేది తల్లే. తండ్రి ఊసే లేదు.

వదిన: చట్టంలో లేదని ఇంట్లో కూడా లేకుండా పోతుందా? ఆదివారం సాయంత్రం ఇద్దరి క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టుకోండి. కదపలేని మీటింగులకి ఎర్ర రంగు. పిల్లకి ఒళ్ళు బాగోకపోతే ఆ పూట ఎర్రది లేనివాళ్ళు ఆగుతారు. ఇద్దరికీ ఎర్రదే అయితే పూటపూటా పంచుకోండి, ఒకళ్ళు ఒంటిగంట దాకా, ఒకళ్ళు తర్వాత. ఆన్‌కాల్ వారం, అంటే ఆఫీసు నుంచి ఏ వేళ ఫోనొచ్చినా పలకాల్సిన వారం, ఎవరిదైతే వాళ్ళకి రాత్రి పిల్ల కోసం లేచే పని ఉండకూడదు. మీ ఇద్దరి ఆన్‌కాల్ ఒకే వారం పడకుండా వంతుల రోటా ముందే మార్పించుకోవాలి.

మరిది: ఒక్కసారిగా వదిలేస్తే బెంగపెట్టుకోదూ?

వదిన: ఒక్కసారిగా ఎవరు వదలమన్నారు? మొదటి రెండు రోజులు గంటసేపు, నువ్వు అక్కడే ఉండు. తర్వాత రెండు రోజులు గంటసేపే, నువ్వు గేటు బయట. ఆ తర్వాత భోజనం దాకా. నిద్రపోయే దాకా ఉంచేది రెండో వారంలో. చూడకుండా జారుకోవద్దు, ఒకసారి అలా మాయమైతే మర్నాడు నీ చొక్కా వదలదు. టాటా చెప్పి, నిమిషంలో వెళ్ళిపోవాలి. సంచిలో అయిదు డైపర్లు, రెండు జతల బట్టలు, పాత చీర ముక్క ఏదైనా. ఇంటి వాసన ఉంటే నిద్ర పడుతుంది. అన్నిటి మీదా పేరు రాయి.

మరిది: ఆయా ఆలోచన కూడా మానుకోవాలా అయితే?

వదిన: మానుకోకు. సాయంత్రం అయిదున్నర నుంచి తొమ్మిది దాకా మాట్లాడుకో. డేకేర్ నుంచి తెచ్చేదీ ఆవిడే, మీ రాత్రి మీటింగులప్పుడు ఉండేదీ ఆవిడే. ఆవిడ ఫొటో, ఫోన్ నంబరూ డేకేర్‌లో ముందే ఇవ్వకపోతే పిల్లని ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ఇంతకీ ఆ ఫారం తెచ్చావుగా, మొదట ఫోన్ చెయ్యాల్సిన నంబరు ఎవరిది రాశావు?

మరిది: ...తనదే రాశాను. అలవాటుగా.

వదిన: కొట్టెయ్. నీది రాయి.

మరిది: రాస్తాలే గానీ, గురువారం నాకు స్ప్రింట్ రివ్యూ, టీము చేసిన పని చూపించే మీటింగు.

వదిన: దాని కిందే ఇంకో గడి ఉంది, చెల్లాయి నంబరు అక్కడ రాయి.