మంత్రానికీ పంచనామా కావాలి

డిటెక్టివ్ కథలో అతీతశక్తులకు చోటు లేదని 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఆంగ్ల రచయిత ఒక సూత్రం రాశారు. ఆయన స్వయంగా కాథలిక్ మతగురువు. అతీతమైన దాన్ని నమ్మడం ఆయన వృత్తిధర్మం. అయినా నేరపరిశోధన కథ దగ్గరికి వచ్చేసరికి దాన్ని గుమ్మం బయటే ఆపేశారు. మంత్రం చదివితే తలుపు తెరుచుకునే పనైతే, లోపల గడియ పెట్టిన గదిలో హత్య ఎలా జరిగిందని పాఠకుడు బుర్ర బద్దలు కొట్టుకోవలసిన అవసరమే ఉండదు కదా! ఆ సూత్రాన్ని తోసిరాజని, పోలీసు దర్యాప్తునూ మంత్రవిద్యనూ ఒకే నగరంలో కలిపిన నవలలు గత పాతికేళ్లలో ఇంగ్లీషులో ఎంత విస్తరించాయో ఆ సాహిత్యాన్ని అనుసరించేవారికి తెలుసు. అవి గెలవడానికి సాధారణంగా చెప్పే కారణం, అంటే మాయాజాలపు ఆకర్షణ, నాకు సరిపోయినట్టు కనిపించదు. మంత్రం తెలిసినవాడు కూడా తాను చేసిన పనికి కాగితం మీద జవాబు చెప్పుకోవలసి రావడమే ఈ నవలల అసలు బలం.

బెన్ ఆరనోవిచ్ 2011లో ప్రారంభించిన ‘రివర్స్ ఆఫ్ లండన్’ నవలల వరుసను చూడండి. కథానాయకుడు పీటర్ గ్రాంట్ లండన్ మెట్రోపాలిటన్ పోలీసు శాఖలో ప్రొబేషన్ ముగియబోతున్న కానిస్టేబుల్. తల్లి సియెర్రా లియోన్ నుంచి వచ్చి ఆఫీసులు శుభ్రం చేసే పనిలో ఉంది, తండ్రి జాజ్ వాద్యకారుడు. కోవెంట్ గార్డెన్‌లో తల తెగిన శవం దొరికిన చోట రాత్రి కాపలా కాస్తుండగా, హత్యను కళ్లారా చూశానంటూ ఒక దెయ్యం అతనితో మాట్లాడుతుంది. అతను పారిపోడు, దండం పెట్టడు. సాక్షిని అడగవలసిన ప్రశ్నలు అడుగుతాడు. అక్కడి నుంచి నవల ముందు నిలిచే సమస్య పూర్తిగా పోలీసు సమస్యే. దెయ్యం వాంగ్మూలం దర్యాప్తుకు దారి చూపవచ్చు గాని, కోర్టులో నిలబడదు. కాబట్టి దెయ్యం చెప్పిన ప్రతి మాటకూ బతికున్న మనుషుల లోకంలో మరో ఆధారం వెతకాలి.

మంత్రం నేర్చుకోవడం కూడా ఇందులో వరంగా రాదు. లాటిన్ పాఠాలు, నెలల తరబడి సాధన చేస్తే అరచేతిలో చిన్న వెలుగు. హద్దు మీరి వాడితే మెదడు దెబ్బతింటుంది. అలా పోయినవారి మెదడు నమూనాలను డాక్టర్ వాలిద్ అనే వైద్యుడు భద్రపరచి చూపిస్తాడు. మంత్రం ప్రయోగించినచోట ఫోన్లలోని చిప్‌లు ఇసుకలా పొడి అవుతాయి. అందుకని పీటర్ తన ఫోన్‌కు కరెంటు పూర్తిగా తెగ్గొట్టే స్విచ్ పెట్టుకుంటాడు, ఎంత దూరం వరకు ప్రభావం ఉంటుందో ప్రయోగాలు చేసి రాసుకుంటాడు. శక్తిని కొలవడం, దాని వల్ల జరిగే నష్టాన్ని నమోదు చేయడం ఇతని సహజ స్వభావం. గురువు నైటింగేల్ ఎంతటి మాంత్రికుడైనా హోదా రీత్యా డిటెక్టివ్ చీఫ్ ఇన్‌స్పెక్టర్, అంటే పై అధికారులు ఉన్నవాడు.

ఈ మంత్రవిద్యను క్రమబద్ధం చేసినవాడు ఐజాక్ న్యూటన్ అని నవల కల్పిస్తుంది. చరిత్ర తెలిసినవారికి ఇది గొప్ప ఎంపిక అనిపిస్తుంది. రసవాదం మీద వేల పుటలు రాసుకున్న న్యూటన్, 1696లో టంకశాల వార్డెన్‌గా చేరి దొంగనాణేల ముఠాల వెంటపడ్డాడు. సాక్షులను తానే స్వయంగా విచారించి వాంగ్మూలాలు సేకరించాడు. విలియం చాలోనర్ అనే ఘరానా దొంగనాణేలవాణ్ణి 1699లో టైబర్న్ వద్ద ఉరి తీయించే వరకు ఆ సాక్ష్యాల గొలుసును ఓపికగా అల్లాడు. రసవాదీ దర్యాప్తు అధికారీ ఒకే మనిషిలో ఉన్నారన్నమాట. నాక్స్ విడదీసిన రెండింటినీ చరిత్ర ఎప్పుడో కలిపి ఉంచింది. కోవెంట్ గార్డెన్ పక్కనే ఉన్న బో స్ట్రీట్‌లో 18వ శతాబ్దపు నవలా రచయిత హెన్రీ ఫీల్డింగ్ మేజిస్ట్రేటుగా కూర్చుని, నేరస్థులను పట్టే తొలి దళాన్ని ఏర్పాటు చేశాడు. లండన్‌లో కథకూ దర్యాప్తుకూ మధ్య గోడ మొదటినుంచీ పలచనిదే.

ఇక నదుల సంగతి. థేమ్స్‌కు ఈ నవలలో ఇద్దరు అధిదేవతలు. పాత నదీదేవుడు 1858 నాటి మురుగు కంపుకు నగరాన్ని వదిలి ఎగువకు వెళ్లిపోయాడు. ఖాళీ అయిన దిగువ పీఠాన్ని తరవాతి శతాబ్దంలో నైజీరియా నుంచి వచ్చిన ఒక యువతి అధిష్ఠించింది. భూగర్భంలో మురుగుకాలువలుగా మారిపోయిన ఫ్లీట్, టైబర్న్ వంటి ఉపనదులు ఆమె కూతుళ్లు. ఎగువకూ దిగువకూ తగవు వచ్చినప్పుడు మరో తరహా కథలో అయితే పిడుగులు కురిసేవి. ఇక్కడ ఒక కానిస్టేబుల్ మధ్యవర్తిగా కూర్చుంటాడు. ఒక వైపు కూతురు ఎగువకు, అటువైపు కొడుకు దిగువకు హామీగా వెళ్లేలా ఒప్పందం కుదుర్చుతాడు. దేవతలు సైతం మాటకు కట్టుబడవలసిన ఆ సన్నివేశం నాకు ఎన్నో యుద్ధవర్ణనల కన్నా ఉత్కంఠ కలిగించింది.

దీనికి పక్కన జిమ్ బుచర్ 2000లో మొదలుపెట్టిన షికాగో నవలలను పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అందులోని మాంత్రికుడు హ్యారీ డ్రెస్డెన్ ప్రైవేటు మనిషి. పోలీసులకు సలహాదారుగా పనిచేస్తాడు గాని, తొలి నవలల్లో తనకు తెలిసిన కీలక విషయాలను లెఫ్టినెంట్ మర్ఫీ దగ్గర దాచిపెడతాడు. ఆ నవలలు పరుగెత్తి చదివిస్తాయి, అందులో సందేహం లేదు. కాని పోలీసు అధికారిణి చీకట్లో ఉండగా మాంత్రికుడే నేరం తేల్చేస్తే, అది దర్యాప్తు ముసుగు వేసుకున్న వీరగాథే అవుతుంది.

ఇవన్నీ పోలీసులకు వెల్ల వేసే రచనలని ఒక విమర్శ ఉంది. స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి యువకుడి హత్యకేసును పరిశీలించిన మక్‌ఫర్సన్ నివేదిక 1999లో ఇదే మెట్రోపాలిటన్ పోలీసు శాఖలో సంస్థాగతమైన జాతివివక్ష ఉందని తేల్చింది. 2023లో కేసీ నివేదిక మళ్లీ ఆ మాటే చెప్పింది. అలాంటి శాఖ తరఫున నల్లజాతి కానిస్టేబుల్‌ను ఇష్టుడిగా నిలబెట్టడం న్యాయమా అని అడిగేవారి ప్రశ్న తేలికైనది కాదు. అయితే పీటర్ పాటించే నియమాలు పోలీసుల మంచితనం నుంచి పుట్టినవి కావు. 1972లో జరిగిన ఒక హత్యకేసులో ముగ్గురు కుర్రాళ్ల చేత తప్పుడు ఒప్పుకోళ్లు రాబట్టి శిక్ష వేయించిన ఉదంతం, ఆ తరవాతి రాయల్ కమిషన్, దాని ఫలితంగా వచ్చిన 1984 నాటి పోలీసు, నేర సాక్ష్యాల చట్టం వాటికి మూలం. ఆ నియమాలను ప్రేమించడమంటే పోలీసు శాఖను నమ్మేయడం కాదు, దానికి కళ్లెం వేయడం.

తొలి నవలలోని హంతక శక్తిని గుర్తు చేసుకుంటే ఈ మాట మరింత బలపడుతుంది. అది పంచ్ అనే బొమ్మలాట పాత్ర ఆత్మ. 1662లో కోవెంట్ గార్డెన్‌లో ఆ బొమ్మలాటను చూశానని అప్పటి లండన్‌వాసి సామ్యూల్ పీప్స్ తన డైరీలో రాసుకున్నాడు. తరవాత స్థిరపడిన ఆ ఆట కథ ఏమిటి? పంచ్ తన బిడ్డను చంపుతాడు, భార్యను చంపుతాడు, పట్టుకోవడానికి వచ్చిన కానిస్టేబుల్‌ను కర్రతో బాదుతాడు, చివరికి ఉరితీయవలసిన తలారిని మోసపుచ్చి అదే ఉరితాడుకు వేలాడదీస్తాడు. ప్రతి దెబ్బకూ చుట్టూ మూగిన జనం చప్పట్లు కొడతారు. ఆరనోవిచ్ పట్టుకున్నది సరిగ్గా ఆ చప్పట్లనే. చట్టాన్ని ఉరి తీసినవాణ్ణి చూసి మురిసిపోయే జనసమ్మర్దపు ఆనందమే అతని నవలలో దెయ్యమై తిరుగుతుంది, మామూలు మనుషుల ముఖాలను ఆక్రమిస్తుంది.

ఈ ఘట్టం చదివినప్పుడు నా మనసు లండన్‌లో నిలవలేదు. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి వద్ద, అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు, అక్కడి పోలీసుల మీద జనం పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్, చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిగాయని నివేదిక ఇచ్చింది. అప్పటికి 2022 వచ్చింది. పూల రేకులు ఎండిపోయి రెండేళ్లు దాటింది. ప్రతి ఎన్‌కౌంటర్‌కూ ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2009లోనే చెప్పిన రాష్ట్రం మనది. కేసు డైరీని విసిరికొట్టి తుపాకీ తీసినవాడే మన తెర మీద నిఖార్సయిన పోలీసు. కాగితం రాసేవాడు చేతకానివాడు. ఈ అభిరుచిని తయారుచేయడంలో మన కథలకు వాటా లేదని నేను అనలేను.

తెలుగులో ఈ మేళవింపుకు కావలసిన రెండు పాయలూ ఉన్నాయి. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ తరాల పాఠకులకు ఆధారం వెతకడం నేర్పాడు. ‘తులసిదళం’తో ఉద్ధృతమైన చేతబడి నవలల కెరటం, దానిమీద క్షుద్రసాహిత్యమంటూ రేగిన వాదం 1980ల పాఠకులు మరిచిపోలేదు. ఆ కెరటంలో మంత్రానికి విరుగుడు మరో మాంత్రికుడో, కాదంటే ఒక హిప్నాటిస్టో అయ్యాడు గాని, సాక్ష్యాల చట్టం తెలిసిన స్టేషన్ హౌస్ ఆఫీసర్ కథకు కేంద్రంగా నిలబడడం అరుదు. ఆ పాత్ర అవసరం మరెక్కడి కన్నా ఇక్కడే ఎక్కువ. బాణామతి చేశారన్న అనుమానంతో మనుషుల పళ్లూడగొట్టిన, సజీవంగా తగలబెట్టిన ఊళ్లు తెలంగాణలో ఉన్నాయి. అక్కడ గుంపు అడగనిది ఆధారమే.

కాబట్టి మూఢనమ్మకం పెరుగుతుందన్న భయంతో తెలుగు రచయితలు ఈ దారిని వదులుకోకూడదని నా వాదన. మెతుకుసీమలో ఒక పల్లె, అర్ధరాత్రి, ఒక ముసలామె ఇంటి చుట్టూ కర్రలతో జనం. ఆ నవలాలోకంలో బాణామతి నిజంగానే ఉందని, అది ఎస్సైకి కూడా తెలుసని రచయిత మొదటి పేజీలోనే ఒప్పుకోవచ్చు. అయినా ఆ ఎస్సై జీపు దిగి, గడప మీద కూర్చుని, రైటర్‌ను పిలిచి టైము వేయమంటాడు, గుంపులో అందరికన్నా గట్టిగా అరుస్తున్నవాణ్ణి ముందుకు రమ్మని, “నువ్వు కళ్లారా ఏం చూశావు? ఎన్ని గంటలకు? అప్పుడు నీ పక్కన ఇంకెవరున్నారు?” అని అడుగుతాడు.