లాక్‌డౌన్ మీద ‘ఔను, కానీ...’ అన్నవాళ్లను ఎలా లెక్కేయాలి?

“లాక్‌డౌన్ పెట్టడం మంచిదే గానీ, పని లేకుండా ఎన్నాళ్లని బతుకుతాం?” 2020లో ఇలా అనుకున్నవాళ్లు ఎందరో. ఈ మాటను కంప్యూటర్ ఎటు వేయాలి? రాతల్లోని అభిప్రాయాన్ని కంప్యూటర్‌తో పసిగట్టే సెంటిమెంట్ అనాలిసిస్‌లో మామూలుగా ఉండేవి మూడే లేబుళ్లు: అనుకూలం, ప్రతికూలం, తటస్థం. బాగా వాడుకలో ఉన్న వేడర్ అనే టూల్ మైనస్ 1 నుంచి ప్లస్ 1 దాకా స్కోరు ఇస్తుంది. సాధారణంగా 0.05 వస్తే అనుకూలం, 0.04 వస్తే తటస్థం. ఆ కాస్త తేడాకే మనిషి అభిప్రాయం మారిపోయినట్టా?

1965లో లాట్ఫీ జాదే ప్రతిపాదించిన ఫజీ సెట్లు ఇక్కడ అక్కరకొస్తాయి. ఇవి ‘ఔనా, కాదా’ అని కాకుండా, ఎంత మేర ఔనో 0 నుంచి 1 దాకా చెబుతాయి. పై మాట ఒకేసారి 0.6 మేర అనుకూలం, 0.6 మేర ప్రతికూలం కావచ్చు. మొత్తం 1 దాటిందని కంగారు అక్కర్లేదు, ఇవి సంభావ్యతలు కావు. వీటి మీద “మద్దతు ఎక్కువ, ఇబ్బందీ ఎక్కువ అయితే షరతులతో కూడిన మద్దతు” లాంటి రూల్స్ రాసుకోవచ్చు. రూల్ కళ్లెదుటే ఉంటుంది కాబట్టి ఎవరైనా చదివి తప్పు పట్టొచ్చు. డేటా చూసి తనంతట తానే నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్‌తో ఆ వీలు తక్కువ.

అసలు పేచీ చివర్లో వస్తుంది. డీఫజిఫికేషన్ పేరుతో ఇవన్నీ కలిపి ఒకే అంకె చేస్తారు. రెండు వైపులా 0.6 వచ్చినవాడూ, ఏదీ పట్టనట్టు రెండు వైపులా 0.1 వచ్చినవాడూ సరిగ్గా నడిమధ్య అంకె దగ్గరే తేలొచ్చు. మొదటివాడికి కావాల్సింది ఆదాయ భరోసా. రెండోవాడికి అసలు విషయమే చేరలేదేమో. ఇద్దరినీ ‘తటస్థం’ అనేస్తే ఇంత కసరత్తూ దేనికి?

ఫజీ లాజిక్ తీర్చలేని చిక్కు ఇంకొకటుంది. “ఈ రోగం నరకం చూపిస్తోంది, మాస్కులు ఎప్పుడో తప్పనిసరి చేయాల్సింది” అన్న మాటలో కోపం రోగం మీద, మద్దతు నిబంధనకు. పదాలు చూసి స్కోరిచ్చే టూల్ దీన్ని ప్రతికూలం అనేస్తే, ఆ తర్వాత ఎన్ని రూల్స్ రాసినా లాభం లేదు. దేని మీద అభిప్రాయమో ముందే విడదీయాలి.

సర్కారుకు నివేదిక ఇచ్చేటప్పుడైనా అనుకూలం, ప్రతికూలం అంకెలు రెంటినీ విడివిడిగా ఇవ్వాలి. రూల్‌లోని ‘ఎక్కువ’ ఎక్కడ మొదలవుతుందో గీత గీసేది పరిశోధకుడే కనుక దాన్నీ సరిచూడాలి. ఒకే వ్యాఖ్యను లేబుల్ వేయమని పదిమందికి చూపిస్తే ఆరుగురు ఒకలా, నలుగురు మరోలా అనొచ్చు. సాధారణంగా మెజారిటీ మాట ఉంచుకుని మిగతాది పారేస్తారు. ఫజీ విలువలను పోల్చి చూడాల్సింది ఆ ఆరు-నాలుగు చీలికతోనే.