అయిదు శ్రుతి ఆంటీ

నాకు 51 ఏళ్ళు. నా మోకాళ్ళకి ఇంకో పదేళ్ళు ఎక్కువే ఉంటాయి. పోయిన విజయదశమికి కర్ణాటక సంగీతంలో చేరాను.

మళ్ళీ చేరాను అనాలి. ఏడో తరగతిలో మూడు నెలలు నేర్చుకున్నాను. అంతలో మా నాన్నకి బదిలీ అయింది. సామాను లారీలో అన్నీ వచ్చాయి గానీ సంగీతం పాత ఊళ్ళోనే ఉండిపోయింది. ఆ తర్వాత పరీక్షలు, పెళ్ళి, పిల్ల, అత్తగారి ఆపరేషన్, మళ్ళీ పిల్ల పరీక్షలు. కిందటేడు మా అమ్మాయి ఉద్యోగమని హైదరాబాద్ వెళ్ళిపోయాక, పొద్దున్నే క్యారేజీ కట్టే అరగంట ఖాళీగా కనిపించింది. ఇంకెవరి కన్నూ పడకముందే దాని మీద కర్చీఫ్ వేసేశాను.

మా టీచర్‌కి 26 ఏళ్ళు. క్లాసులో నాతో పాటు ఆరుగురు పిల్లలు. అందరిలోకీ పెద్దవాడు అయిదో తరగతి. వాడు నాకు సీనియరు.

మాది విజయవాడ. ఈ ఊళ్ళో సంగీతం నేర్చుకోవడంలో ఒక చిక్కుంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు పెరిగింది ఇక్కడే. ఆయన మీసాలు రాని వయసులోనే మిగతా రాగాలకి తల్లులైన 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు రాసేశారు. నేనేమో 15వ మేళకర్త మాయామాళవగౌళ గుమ్మంలో ఇంకా చెప్పులు విప్పుకుంటున్నాను. 16వ శతాబ్దంలో పురందరదాసు గారు కొత్తవాళ్ళకి ఇదే సులువని పాఠాలన్నీ ఈ రాగంలో పెట్టారట. నా సంగతి ఆయనకి ఎవరూ చెప్పి ఉండరు.

ఈ రాగంలో రిషభం, అంటే 'రి', షడ్జమాన్ని, అంటే 'స'ని, ఆనుకుని ఉండాలి, సిటీబస్సు సీట్లో మూడో మనిషిలాగ. నా రిషభం మాత్రం కాస్త చోటు చూసుకుని పైకి జరిగిపోతుంది. ధైవతం, అంటే 'ద', అదీ దాని బాటే. ఓ రోజు టీచర్ తాళం ఆపి, "ఆంటీ, మీరు శంకరాభరణంలోకి వెళ్ళిపోయారు" అంది. అది 29వ మేళకర్త. ఒక్క గంతులో 14 దాటేశానని ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. "ప్రమోషనా?" అన్నారు. సంగీతంతో ఆయనకున్న సంబంధం అంతవరకే. మొదటి వారంలో ఓసారి బయటికెళ్తూ "తాళం ఎక్కడుంది?" అని అడిగితే, పరాకుగా "తొడ మీద" అన్నాను. అప్పటినుంచి నాతో కాస్త జాగ్రత్తగానే ఉంటున్నారు.

తప్పు పాడితే టీచర్ ఏమీ అనదు. ఆ లోటు నేనే తీరుస్తాను. "ఇంత వయసొచ్చింది, తాళంలో ఎనిమిది అక్షరాలు లెక్కపెట్టడం చేతకాదా? ఆ చిన్నపిల్లని చూసైనా సిగ్గు తెచ్చుకో" అని పైకే తిట్టుకుంటాను. ఒకరోజు టీచర్ ఉండబట్టలేక, "ఆంటీ, మీకు మీరే అత్తగారా?" అని అడిగింది. నిజం చెప్పాలి కదా, మా అత్తగారు కూడా నన్ను ఇన్ని మాటలు అనలేదు.

అసలు గొడవంతా శ్రుతి దగ్గర, అంటే 'స'ని ఎంత ఎత్తులో పెట్టుకోవాలన్న దగ్గర. అంకె పెరిగేకొద్దీ గొంతు పైకెక్కాలి. పిల్లలందరిదీ అయిదు శ్రుతి. "మీకు అర తగ్గిద్దామా ఆంటీ?" అని టీచర్ మూడుసార్లు అడిగింది. ఏడేళ్ళ పిల్ల అందుకుంటుంటే నాకేం తక్కువని మూడుసార్లూ వద్దన్నాను. పై షడ్జం వచ్చేసరికి నా కనుబొమలు, భుజాలు, మడమలు అన్నీ పైకి లేస్తాయి, ఒక్క గొంతు తప్ప. ఓ ఉదయం పనమ్మాయి చీపురుతో సహా పరిగెత్తుకొచ్చి, "అమ్మా, జారి పడ్డారా?" అంది.

ఇంట్లో సాధనకని మా అమ్మాయి నా ఫోన్‌లో తంబురా యాప్ పెట్టింది. నొక్కితే మోగుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. నొక్కడం మర్చిపోతే, ఫోన్ తెర ఆరిపోయినా మోగుతూనే ఉంటుంది.

ఆ ఆదివారం సాధన మధ్యలో మా ఆయన తొందరపెట్టారు. వాళ్ళ పాత మేనేజరు గారి తల్లి 92 ఏళ్ళ వయసులో పోయారు. పరామర్శకి వెళ్ళాలి. ఫోన్ బ్యాగులో పడేసి స్కూటర్ ఎక్కాను. బందరు రోడ్డు రొదలో తంబురా ఎవరికి వినిపిస్తుంది?

పరామర్శ ఇల్లు ఎలా ఉంటుందో తెలిసిందే కదా. మనుషులంతా ఊరుకుంటారు, ఫ్యాను ఒక్కటే మాట్లాడుతుంది. పోయినావిడ ఫోటోకి నమస్కారం చేసి కూర్చున్నాను. ఎక్కడినుంచో సన్నగా తంబురా. వీళ్ళెంత సంస్కారవంతులో అనుకున్నాను. రెండు నిమిషాలయ్యాక, శ్రుతి బొత్తిగా తెలిసినట్టు తోచింది. అయిదు. నా ఒళ్ళో బ్యాగు అదురుతోంది.

తీసి ఆపుదామంటే జిప్పు లాగిన చప్పుడుకే నలుగురు ఇటు తిరిగారు. బ్యాగుని తొడ కింద పెట్టి అదిమాను. లాభం లేదు. పక్కనున్న పెద్దావిడ కళ్ళు మూసుకుని, "ఓంకారం పెట్టారు, మనసుకెంత హాయిగా ఉందో" అంది. పెద్దకొడుకు తమ్ముడి వైపు మెచ్చుకోలుగా చూశాడు. తమ్ముడు భార్య వైపు చూశాడు. ఆవిడ కాదనలేదు. నేనూ కళ్ళు మూసుకున్నాను. మా ఆయన నన్ను మోచేత్తో పొడిచాక గానీ తెలియలేదు, నా కుడిచెయ్యి దానంతటదే ఆదితాళం వేస్తోందని.

సరిగ్గా అప్పుడే మా అమ్మాయి ఫోన్ చేసింది. ఓంకారం ఠక్కున ఆగి, తొడ కిందనుంచి డప్పుల పాట లేచింది. దాన్ని కట్ చేశానో లేదో, మళ్ళీ ఓంకారం. ఇంకెవరికీ ఏ అనుమానమూ మిగల్లేదు.

మూల పడక్కుర్చీలో ఉన్న ముసలాయన, పోయినావిడకి తమ్ముడట, "ఎవరమ్మాయ్, పాడతావా?" అన్నారు.

"నేర్చుకుంటున్నానండీ. క్షమించండి. ఆపడం మర్చిపోయాను."

"ఆపడానికేముంది గానీ, అయిదెందుకు పెట్టావు? నీ మాట వింటుంటేనే తెలుస్తోంది, నీది నాలుగున్నర గొంతు. మా అక్కా ఇంతే. తగ్గించవే అంటే వినేది కాదు. రోజూ పాడటం, రోజూ మిరియాల పాలు తాగడం."

కోడళ్ళిద్దరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పెద్దకొడుకు ఫోటో వైపు చూసి, "అవును, ఇంట్లో పాల ఖర్చు కంటే మిరియాల ఖర్చే ఎక్కువ" అన్నాడు. పరామర్శకి వెళ్ళి నవ్వడమేమిటని మా ఆయన ఇంటిదాకా అంటూనే ఉన్నారు, ఆయన నవ్వింది మర్చిపోయి.

మర్నాడు నాలుగున్నర పెట్టుకుని పాడాను. రిషభం యథాప్రకారం శంకరాభరణం వైపు బయల్దేరింది. నేనేమీ అనకుండా వెనక్కి పిలుచుకొచ్చాను. పై షడ్జం దగ్గర మడమలు నేలమీదే ఉన్నాయి. చీపురు చప్పుడు కూడా ఆగలేదు.

ఇప్పుడు మేమెక్కడికి బయల్దేరినా మా ఆయన గుమ్మంలో నిలబడి పరీక్ష పెడతారు. "గ్యాస్ కట్టావా? తంబురా ఆపావా? తాళం వేశావా... తలుపుకి?"