ఫిలిపీనా పండితురాళ్లకు కృతజ్ఞత లేదు

ఫిలిప్పీన్స్ మహిళా ప్రొఫెసర్లు వలస పాలన గురించి మరీ ఎక్కువ మాట్లాడుతున్నారు. చదువు పెట్టినవాళ్లనే తప్పుపట్టడం ఏం మర్యాద? స్పెయిన్ మూడు వందల ఏళ్లకు పైగా వాళ్లను కంటికి రెప్పలా కాపాడింది, ముఖ్యంగా స్పానిష్ భాష రాకుండా.

1888 డిసెంబరు 12న ఫిలిప్పీన్స్‌లోని మాలోలోస్ పట్టణంలో 20 మంది యువతులు గవర్నర్ జనరల్ వెయ్‌లర్‌కు అర్జీ ఇచ్చారు. పన్ను మాఫీ అడిగారా, తుపాకులు అడిగారా? రాత్రిపూట స్పానిష్ నేర్చుకోవడానికి బడి అడిగారు! ఊరి చర్చి ఫాదర్‌కు టెన్షన్ పట్టుకుంది. పట్టుకోదూ మరి! ఆడపిల్లకు దొరల భాష వస్తే, దొరలు ఏమనుకుంటున్నారో తెలిసిపోతుంది. చివరికి అనుమతి వచ్చింది. ఖర్చు వాళ్లే పెట్టుకోవాలి, రాత్రి కాదు, పగలే చదవాలి. 1889లో తెరిచిన ఆ బడి కొన్ని నెలలకే మూతపడింది.

అమెరికాది ఇంకా పెద్ద మనసు. స్పెయిన్‌కు 2 కోట్ల డాలర్లిచ్చి దీవులు పుచ్చుకుని, 1901లో 'థామస్' ఓడ నిండా టీచర్లను పంపింది. ఇంగ్లిష్ ఎవరూ అడగకపోయినా నేర్పింది. 1904లో సెయింట్ లూయిస్ ప్రదర్శనకు వెయ్యి మందికి పైగా ఫిలిప్పీన్స్ వాసులను తీసుకెళ్లి జనానికి చూపించింది కూడా.

ఇంత చేస్తే ఫిలిపీనా చరిత్రకారిణి ఎన్‌కార్నసియోన్ అల్జోనా ఏం చేసింది? 1923లో కొలంబియా యూనివర్సిటీలో డాక్టరేట్ తీసుకుని, తిరిగొచ్చి సొంత దేశపు చదువుల చరిత్ర రాసింది. పైగా ఆడవాళ్లకు ఓటు కావాలంది. 3 లక్షల మంది ఆడవాళ్లు కావాలంటేనే ఇస్తామని 1935 రాజ్యాంగం న్యాయంగానే చెప్పింది. (మగవాళ్లను ఇలా అడగలేదు. పాపం, తీరిక ఉండదు కదా.) 1937 ఏప్రిల్ 30న 4,47,725 మంది కావాలన్నారు. మర్యాదకైనా మూడు లక్షల దగ్గర ఆగలేదు.

ఇప్పుడు విదేశీ యూనివర్సిటీలు ఈ ఫిలిపీనా ప్రొఫెసర్ల తట్టుకునే శక్తిని తెగ మెచ్చుకుంటున్నాయి. మెచ్చుకోలుకు బడ్జెట్ అక్కర్లేదు, పర్మనెంట్ ఉద్యోగానికి కావాలి. సిద్ధాంతం తెల్ల ప్రొఫెసర్ చెబుతాడు, ఆమె లంచ్‌కు ముందు పది నిమిషాలు 'స్థానిక అనుభవం' చెప్పాలి. సొంత దేశపు భాష టగాలోగ్‌లో రాస్తే ప్రమోషన్ లెక్కలోకి రాదు, ఇంగ్లిష్‌లో రాస్తే మూలాలు మరిచిందంటారు. కొందరు మొండిగా రెండింట్లోనూ రాస్తున్నారు.

వీళ్ల సంగతి తేల్చడానికి వెంటనే అంతర్జాతీయ కమిటీ వేయాలి. నిష్పక్షపాతంగా ఉండాలి కనుక అందులో ఫిలిపీనాలు ఉండకూడదు. కమిటీ వారికి సమాచారం అవసరమైతే మాత్రం, టీ విరామంలో అందుబాటులో ఉండాలి.